చారులో ఒక్క చుక్క నెయ్యి

నెయ్యి గిన్నె బయటికి తీయకుండా కొత్త అల్లుడికి సంక్రాంతి భోజనం పెట్టిన మనిషి మా వంశంలో నేనే మొదటిదాన్ని అయ్యుంటాను.

మా అన్నయ్య కూతురూ అల్లుడూ బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. అన్నయ్యా వదినా ఆ చలికాలం కొడుకు దగ్గర అమెరికాలో ఉండిపోవడంతో, మొదటి పండగ బెజవాడలో మా ఇంటిమీద పడింది. భోగికి పన్నెండు రోజుల ముందు పిల్ల ఫోన్ చేసింది. "అత్తా, కంగారుపడకుండా విను. మేమిద్దరం వీగన్. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న ఏవీ ముట్టుకోం. గుడ్డూ మాంసం సరే సరి, తేనె కూడా తినం."

"పెరుగు కూడానా?" అన్నాను. మాంసం మానేశారంటే నాకేమీ అనిపించలేదు. తేనె సంగతి అసలు చెవికే ఎక్కలేదు. "మరి అన్నం ఎలా ముగిస్తారే?"

ఫోన్లో పిల్ల పడీపడీ నవ్వింది. నేను నవ్వులాటకి అడగలేదు. పెరుగు కలుపుకోకుండా చెయ్యి కడుక్కుంటే దాన్ని భోజనమని కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఎవరూ ఒప్పుకోరు, టిఫిన్ అంటారు. పెళ్ళిలో ఈ సంగతి ఎలా బయటపడలేదా అని తర్వాత ఆలోచించాను. పెళ్ళికొడుకు ఏం తిన్నాడో పెళ్ళిలో ఎవరు చూస్తారు? ఫోటోలవాడు బొబ్బట్టు నోట్లో పెట్టించి ఫోటో తీసుకుని వెళ్ళిపోయుంటాడు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇంట్లో ఏ సంగతైనా ఆవిణ్ణి దాటుకునే పోవాలి.

"ఏం మొక్కుకున్నారు?"

"మొక్కేం లేదత్తయ్యా."

"డాక్టరు వద్దన్నాడా?"

"లేదు."

"పాలు పడవా వాళ్ళకి?"

"పడతాయి. పశువుల్ని బాధపెట్టడం ఇష్టంలేక మానేశారట."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అయితే వాళ్ళ ఇష్టమేగా. పండగపూట తినొచ్చులే," అని తేల్చేశారు.

ఆ తీర్పు విన్నాక కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆగింది. ఎందుకంటే నా మనసులో ఉన్న మాట కూడా అదే.

నిరుడు మా ఆయన అయ్యప్ప మాల వేశారు. ఆ 41 రోజులూ మా ఇంట్లో కోడిగుడ్డు పెంకు కూడా కనపడలేదు. స్టవ్ కడిగాను, గిన్నెలు వేరుచేశాను, తెల్లవారుజామున లేచి మడిగా వండాను. "ఎందుకు స్వామీ ఇదంతా, ప్రొటీను ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. చలికాలం వస్తే ఇంద్రకీలాద్రి కింద రోడ్లన్నీ ఎర్రబట్టల భవానీలతో నిండిపోతాయి. ఉల్లీ వెల్లుల్లీ వద్దంటే హోటలువాడు మారుమాట లేకుండా మానేసి పెడతాడు. కార్తీక సోమవారం చుక్క చూస్తేగాని తిననన్నవాళ్ళని బతిమాలం. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న మనిషి ముందు టీ తాగడానికి మొహమాటపడతాం. ఎవరైనా "షుగర్ అండీ" అంటే లడ్డూ పళ్ళెం దానంతటదే వెనక్కెళ్తుంది.

ఎదుటివాడి తిండి నియమాన్ని గౌరవించడం మనకి రాక కాదు. ఊళ్ళో ఇన్ని నియమాలతో ఇన్నేళ్ళుగా కాపరం చేస్తున్నాం. దేవుడు చెప్పాడంటే సరే అంటాం, డాక్టరు చెప్పాడంటే సరే అంటాం. నా మనసు చెప్పింది అన్నవాణ్ణి మాత్రం ఒక గరిటె నెయ్యితో లొంగదీయొచ్చు అనుకుంటాం. మనసు అంత చులకన ఎప్పుడైంది?

దీనికి మా ఆయన దగ్గర జవాబుంది. "మాలకి గడువుంది, వీళ్ళకి లేదు. పైగా మాల వేసుకున్నవాడు నిన్నేమీ తప్పుపట్టడు. వీళ్ళు పెరుగు వద్దనడంలోనే నువ్వు తప్పు చేస్తున్నావనే మాట ఉంది," అన్నారు. నిజమే, ఉంది. కానీ మా పక్కవాటాలో పంతులుగారి కుటుంబం ఉంది. ఆదివారం మా కోడికూర తాలింపు పడగానే వాళ్ళ కిటికీ తలుపు పడుతుంది. పాతికేళ్ళలో వాళ్ళు మా ఇంట్లో అరటిపండు తప్ప ఏదీ తినలేదు. దాంట్లోనూ మనమీద ఒక మాట ఉన్నట్టేగా? అది మనకి మర్యాదగా కనిపిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు పెరుగు వద్దంటే పొగరుగా కనిపిస్తుంది. ఆయన పేపరు తిరగేసి చదువుకున్నారు.

సరే, వాదన పక్కనపెట్టి వంటింట్లోకి వస్తే నిజంగా తెలియనివి చాలా ఉన్నాయి. పిల్లలకని బిస్కెట్ ప్యాకెట్ల మీద పచ్చచుక్క చూసి బుట్టలో వేసుకున్నాను. ఇంటికొచ్చి వెనక్కి తిప్పితే పాలపొడి. మన దేశంలో పచ్చచుక్కకి అర్థం మాంసం, గుడ్డు లేవనే. పాలూ తేనే ఉన్నా చుక్క పచ్చగానే ఉంటుంది. అవి కూడా లేవని చెప్పాలంటే ఇంకో గుర్తు కావాల్సి వచ్చింది. అందుకే దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు పెట్టింది. ఇంగ్లీషు వీ అక్షరం, దానికో చిన్న ఆకు, అదీ గుర్తు. మా వీధి కొట్లో ఆ గుర్తున్న ప్యాకెట్ ఒక్కటీ దొరకలేదనుకోండి. బాదం పాలు బెంజిసర్కిల్ దగ్గర పెద్ద షాపులో దొరికాయి. ధర చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను.

ఇంట్లో ఉన్న సరుకుల దగ్గరికొచ్చేసరికి ధైర్యం వచ్చింది. గోంగూర పచ్చడికి పాలతో పనిలేదు. ఆవకాయకి లేదు. పులిహోర, గుత్తివంకాయ, దోసకాయ పప్పు, కందిపొడి అన్నీ నూనెతోనే అవుతాయి. పప్పులోకి నెయ్యి బదులు పచ్చి నువ్వులనూనె వేస్తే దాని రుచి దానికుంది. అరిసెలు నూనెలో వేగేవే. నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ఉండలు పుట్టుకతోనే వీగన్. "నేతి బీరకాయ తినొచ్చా మరి?" అని మా అత్తగారు ఎకసెక్కెం చేశారు. ఆ పేరులో తప్ప కాయలో ఎక్కడా నెయ్యి ఉండదని సామెతే చెబుతోంది కాబట్టి భోగినాడు ఆ పచ్చడే చేశాను. సున్నుండలు మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. నెయ్యి లేకుండా సున్ని ఉండ కట్టదు, నూనెతో కడితే తినలేం. వదిలేశాను. ప్రతిదానికీ బదులు వెతకాలనే పట్టుదల కూడా ఒక జబ్బే.

ఇలా లెక్క వేసుకుంటూ పోతే "మన సంప్రదాయం ఎప్పుడూ వీగనే" అని వాట్సాప్‌లో తిరిగే మాట గుర్తొస్తుంది. అది శుద్ధ అబద్ధం. కొత్తింట్లో అడుగుపెడితే పాలు పొంగిస్తాం. గుళ్ళో పంచామృతం పడతాం. అహింస చెప్పిన బుద్ధుడు కూడా బోధివృక్షం కిందికి వెళ్ళేముందు సుజాత పెట్టిన పాయసం తాగాడని బౌద్ధులే చెప్పుకుంటారు, ఆ బుద్ధుడి స్తూపం మన అమరావతిలోనే ఉంది. మన వంటల్లో పాలు లేనివి ఇన్ని ఉన్నాయంటే పశువు మీద జాలితో కాదు. పాలు పాలకేంద్రానికి, గంజి ఇంటికి. ఉన్న పాలు అమ్ముకుంటేనే ఉప్పూ పప్పూ వచ్చిన ఇళ్ళు అవి. దాన్ని ఆదర్శం చేసి గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు.

అల్లుడికి బట్టల దగ్గర ఇంకో తిరకాసు. పట్టుపంచె కొని ఉంచాను. పట్టుగూళ్ళని లోపల పురుగు ఉండగానే వేడినీళ్ళలో వేసి దారం తీస్తారు కదా, అదీ కట్టుకోరట. మంగళగిరి వెళ్ళి నిజాం బోర్డరు నేత పంచె తెచ్చాను. వెళ్ళినవాళ్ళం ఎటూ వెళ్ళామని కొండెక్కి పానకాల స్వామికి పానకం పోయించి వచ్చాం. బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్ళు. నరసింహస్వామిది వీగన్ నైవేద్యమేనని పిల్లకి ఫోన్ చేసి చెప్పాను. మళ్ళీ నవ్వింది.

భోగినాడు మధ్యాహ్నం అంతా బాగానే నడిచింది. పప్పు, వేపుడు, పచ్చళ్ళు అయ్యాయి. చారు పోసుకుని అల్లుడు రెండు ముద్దలు తిన్నాక నాకు గుండె జారింది. చారు తాలింపు నేతిలో వేశాను. పన్నెండు రోజులు జాగ్రత్తపడి, ఆఖర్న ముప్పై ఏళ్ళ అలవాటున చెయ్యి దానంతటదే నెయ్యి గిన్నెలోకి వెళ్ళింది.

మా అత్తగారు నా మొహం చూసి కనిపెట్టేశారు. కళ్ళతోనే ఊరుకోమన్నారు. ఒక్క చుక్క. కరివేపాకు, ఇంగువ వాసనలో ఎవరికీ తెలియదు. తిన్నవాడికి నొప్పి రాదు, జ్వరం రాదు. చెబితే పండగపూట అందరికీ ఇబ్బంది. ఊరుకుంటే ఏ గొడవా లేదు.

అప్పుడు నాకు మా ఆయన మాల గుర్తొచ్చింది. స్వామి చారులో పొరపాటున ఒక ఎండురొయ్య పడిందనుకోండి. ఇదే అత్తగారు "తెలియదులే" అనేవారా? కుండతో సహా పారబోయించి, నాచేత తలస్నానం చేయించి, గుళ్ళో క్షమాపణ చెప్పించేవారు. అక్కడ రొయ్య ఎంత చిన్నదో చూడం. ఇక్కడ చుక్క ఎంత చిన్నదో కొలుస్తున్నాం.

"బాబూ, ఆ చారు తినకు. తాలింపులో నెయ్యి పడింది. నా పొరపాటు," అన్నాను.

అతను గ్లాసు పక్కకి జరిపాడు. "చెప్పారు కదత్తయ్యా, చాలు. గోంగూర ఇంకొంచెం వెయ్యండి," అన్నాడు. కలిపిన ముద్దలు కంచం అంచుకి తోసుకుని, ఇంకో వైపు గోంగూర కలుపుకున్నాడు. ఏ ఉపన్యాసమూ లేదు. నేను భయపడింది ఉపన్యాసానికే.

ఆ రాత్రి దాబా మీద కూర్చున్నప్పుడు నేనే కదిపాను. ఇది ఇంగ్లీషువాళ్ళ ఫ్యాషన్ కదా అని. మాట మాత్రం అక్కడిదేనని ఒప్పుకున్నాడు. 1944లో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన, ఇంకొందరు కలిసి ఇంగ్లండులో వీగన్ సొసైటీ పెట్టారు. వెజిటేరియన్ అనే మాట మొదలూ చివరా కత్తిరించి అతికించుకున్న పేరది. సాధ్యమైనంతవరకు, ఆచరణలో వీలైనంతవరకు జంతువుల్ని వాడుకోకుండా బతకాలని వాళ్ళు చెప్పుకుంటారు. "వీలైనంతవరకు" అనేది అందులో ఉన్న మాటేనట. చారు గ్లాసు అంత తేలిగ్గా ఎలా పక్కన పెట్టాడో అప్పుడర్థమైంది.

"కానీ నేను మానేసింది అది చదివి కాదండి," అన్నాడు.

వాళ్ళది నరసరావుపేట పక్కన పల్లెటూరు. ఇంట్లో రెండు గేదెలు. ఇతనికి పదేళ్ళప్పుడు ఒక గేదె ఈనింది, దున్నదూడ. దున్నదూడకి ఎవరు పాలు వదులుతారు? ట్రాక్టరొచ్చాక దాంతో పనేముంది? నెల తిరక్కుండా చచ్చిపోయింది. దూడ లేక గేదె చేపడం, అంటే పొదుగులోకి పాలు దింపడం, మానేసింది. తోలు ఒలిపించి, లోపల గడ్డి కుక్కి, కుట్టించి, నాలుగు కర్రకాళ్ళమీద గేదె ముందు నిలబెట్టారు. గేదె ఆ గడ్డిబొమ్మని నాకుతూ పాలు చేపేది. ఇతను పక్కన చెంబు పట్టుకుని నిలబడేవాడు.

నేనేమీ మాట్లాడలేదు. మాది తెనాలి దగ్గర. మా కొట్టంలోనూ అలాంటి గడ్డిదూడ ఉండేది. నేనూ మా అన్నయ్యా దాని చెవులు పట్టుకుని ఆడుకునేవాళ్ళం. ఒకరోజు దాని కుట్టు ఊడి గడ్డి బయటికొస్తే గేదె ఆ గడ్డే తినేసిందని నలభై ఏళ్ళుగా ఇంట్లో చెప్పుకుని నవ్వుతున్న కథ మాది. అదే గడ్డి, అదే తోలు. అతనక్కడ ఒకటి చూశాడు, నేను ఇంకొకటి చూశాను.

అయినా నా మాట నేను చెప్పాను. మా అమ్మ పొద్దున్నా సాయంత్రం పాల కేంద్రానికి పోసిన పాలతోనే నేను డిగ్రీ దాకా చదివాను. కేంద్రంలో వెన్నశాతం చూసి రేటు కట్టేవాళ్ళు, పదిహేను రోజులకోసారి బిల్లు. మా నాన్న చేతికి రాకుండా అమ్మ చేతికి వచ్చిన డబ్బు ఇంట్లో అదొక్కటే. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల పథకం వల్ల దేశంలో పాలు పెరిగాయని, 1998 నుంచి ప్రపంచంలో మనదే మొదటి స్థానమని పేపర్లలో రాస్తారు. నాకు ఆ లెక్కకన్నా అమ్మ కొంగు ముడిలో ఉన్న నోట్లు ముఖ్యం. గేదెని వదిలేయమంటే ఆ ముడి ఎవరు నింపుతారు?

"కరెక్టే అత్తయ్యా. నా ఫీజులు కట్టింది కూడా ఆ పాలే. అందుకే మా నాన్నని మానెయ్యమని ఎప్పుడూ అడగలేదు. నేను మానేశాను, అంతే."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఈ తర్జనభర్జన కొత్తదేమీ కాదు, విదేశీదీ కాదు. గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలో ఉండగానే పాలు మానేశారు. పాలకోసం కలకత్తాలో ఆవుల్ని పెట్టే హింస సంగతి చదివి మానేశానని ఆయనే రాసుకున్నారు. 1918లో జబ్బు చేసి మంచానపడ్డాక కస్తూర్బా ఒక దారి చూపించింది. వ్రతం పట్టినప్పుడు మీ మనసులో ఉన్నవి ఆవూ గేదే కదా, మేకపాలకేం అని. ఆయన తాగారు. మాట నిలబడింది గానీ దాని ప్రాణం పోయిందని ఆ తర్వాత బాధపడ్డారు. 1921లో కాంగ్రెస్ సమావేశానికి మన బెజవాడ వచ్చిన గాంధీ ఆ మేకపాల గాంధీయే. పింగళి వెంకయ్యగారు జెండా చూపించిన కథ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన పాలు ఎందుకు మానారో, మళ్ళీ తాగి ఎందుకు నొచ్చుకున్నారో ఎవరూ చెప్పుకోరు. మేక మాత్రం మిగిలింది. నాకైతే ఆ వాదనలో కస్తూర్బా పక్షమే. మంచంమీద మనిషి పోతుంటే నేనూ ఏదో ఒక సందు వెతికేదాన్ని. మా పిల్లలు బీ12 విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారా లేదా అని మూడుసార్లు అడిగాను. వేసుకుంటున్నారు. "తిండి మానేసి మాత్రలు మింగడమేంటి," అని మా అత్తగారు సణిగారు, తన అయిదు మాత్రల డబ్బా వెతుక్కుంటూ.

నేను తేల్చుకోలేనిది జున్ను దగ్గర. పశువులకి కడుపులో ఉండగా తల్లినుంచి రోగాల్ని తట్టుకునే శక్తి దూడకి చేరదు. పుట్టిన మొదటి గంటల్లో తాగే జున్నుపాలే దానికి ఆ శక్తినిస్తాయి. మా అమ్మకి ఈ సైన్సు తెలియకపోయినా మొదటి పితుకు దూడకే వదిలేది, దాని కడుపు నిండాకే మాకు జున్ను. అమ్మేవాడి దగ్గర కొన్న జున్నులో ఎవరి కడుపు నిండిందో మనకెలా తెలుస్తుంది? మిరియాలు, బెల్లం వేసి వండిన జున్ను వాసన మాత్రం ఇప్పుడు తలుచుకున్నా నోరూరుతుంది. ఉన్నమాట చెప్పాలిగా.

ఇంక కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదు కాబట్టి వాళ్ళూ కదలకూడదు. కనుమనాడు మినుము తినాలి కాబట్టి గారెలు. మా ఇంట్లో గారెల్లోకి కోడికూర, అది మాకు. అల్లుడికి ఏం పెట్టాలి? ఆవడలు పెట్టాలని నాకు పట్టుదల పుట్టింది. పశువుల పండగనాడు పశువు పాలు లేకుండా ఆవడలు.

వేరుశనగ పెరుగు సంగతి పిల్లే చెప్పింది. పావుకిలో గుళ్ళు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టాలి. ఆ పాలని సన్నసెగమీద పచ్చివాసన పోయేదాకా కలుపుతూ కాచాలి. తోడు? మామూలు మజ్జిగ పనికిరాదు. దానికి మిరపకాయ ముచ్చికలు. మిరపకాయ తొడిమల మీద పాలని పులియబెట్టే సూక్ష్మజీవులు సహజంగానే ఉంటాయి. గుంటూరు పక్కన పుట్టి, యార్డులో మిరపకాయల కొండలు చూస్తూ పెరిగి, ముచ్చికలు తుంచి పారేయడం తప్ప దాంతో పెరుగు తోడుకుంటుందని నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. మా అత్తగారు మాత్రం "ఊళ్ళో తోడు దొరక్కపోతే మా అమ్మ వేసేది," అన్నారు తాపీగా. ముందే చెప్పొచ్చుగా!

మొదటిసారి పాలు వేడిగా ఉండగానే ముచ్చికలు వేశాను. తెల్లారి చూస్తే గోడకి సున్నం వేసే నీళ్ళలా ఉంది. రెండోసారి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, పచ్చిమిరప ముచ్చికలు ఆరేడు వేసి, చలికాలం కదా అని తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. మర్నాడు పదకొండింటికి గరిటె దింపితే ముక్క తెగింది. ఒట్టిగా తింటే వెనక వేరుశనగ తెలుస్తూనే ఉంటుంది. దాన్ని పెరుగని అంటే అబద్ధమే. కానీ అల్లం, పచ్చిమిర్చి నూరి కలిపి, ఆవాలూ కరివేపాకూ నూనెలో తాలింపు పెట్టి, వేడి గారెలు వేసి రెండు గంటలు నాననిస్తే అల్లుడు ఆరు తిన్నాడు. ఆఖర్న అన్నంలో కూడా అదే కలుపుకున్నాడు. పెరుగు కలుపుకుని లేచాడు కాబట్టి మా అత్తగారు దాన్ని భోజనంగా ఒప్పుకున్నారు.

వాళ్ళు వెళ్ళి నెలలైంది. మేం కోడికూర మానలేదు, నేను పెరుగు మానలేదు. ఫ్రిజ్‌లో మాత్రం రెండు గిన్నెలుంటున్నాయి. పిల్లలు మళ్ళీ వస్తారని ఆ వేరుశనగ తోడు పోకుండా వారానికోసారి కొంచెం చేస్తున్నాను. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి దాని మూతమీద ఒక ఎండుమిరపకాయ పెడుతున్నాను.

మొన్న ఎదురింటి పిన్నిగారు గిన్నె పట్టుకుని తోడుకి వచ్చారు. నేను పూజలో ఉండి మా ఆయన్ని ఇమ్మన్నాను. ఆయన మిరపకాయ తీసి పక్కనపెట్టి, ఆ గిన్నెలోంచే ఒక చెంచా వేసి పంపించారు. సాయంత్రం సంగతి తెలిసింది. "తోడుకునుంటుందిలే, ఆవిడకేం తెలుస్తుంది," అన్నారాయన. చారు గ్లాసు కళ్ళముందు కదిలింది. చెప్పులేసుకుని వెళ్ళాను.

పిన్నిగారు అంతా విని, వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చి మూత తీసి చూపించారు. గట్టిగా, పైన సన్నటి మీగడతో, చక్కగా తోడుకుంది.

"వేరుశనగ్గుళ్ళతోనా?" అన్నారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మా మనవడికి పాలు పడవమ్మాయ్. ఆ ముచ్చికలు ఎన్ని వెయ్యాలన్నావ్?"